నా ఏలుబడిలో వెనక్కి తిరిగిన ఇల్లు

ఇల్లు చెడాలంటే లెక్క తప్పాలని మీరు అనుకుంటున్నారేమో. అక్కర్లేదు. ఒక్క అంకె తప్పకుండా, అంగుళం తేడా రాకుండా, ఒక ఇంటిని పునాదితో సహా చెడగొట్టవచ్చు. నేను చెడగొట్టాను. అందుకు నాకు ముప్పై ఎనిమిది రోజుల అధికారం సరిపోయింది. ఆ ఇల్లు ఏ పగవాడిదో అయితే ఇంత సిగ్గుపడకపోదును. రోజూ రెండు పూటలా నాకు చాయ్ పోసిచ్చే మనిషిది.

ముందు నా సంగతి చెప్పాలి. చదివింది పదో తరగతి. ఎంత గోడకు ఎన్ని ఇటుకలు, ఎంత కప్పుకు ఎంత ఇనుము అనే విద్య నాకు ఏ కాలేజీలోనూ రాలేదు. నాందేడ్‌లో కడుతున్న ఇళ్ళ ముందు నిలబడి, ఇటుకలు లెక్కపెట్టి నేర్చుకున్నాను. మెట్లెక్కితే మెట్లు లెక్కపెడతాను. పెళ్ళికి వెళ్తే కుర్చీలు లెక్కపెడతాను. నా పెళ్ళిలోనూ అదే పని చేస్తుంటే పురోహితుడు తాళి కట్టడానికి నన్ను రెండుసార్లు పిలవాల్సి వచ్చింది.

పని చేసేది కులకర్ణి ఇంజినీరు సారు ఆఫీసులో. చిన్న ఆఫీసు. సారు కాక నలుగురం. లచ్చన్న టేపు పట్టుకుని వెళ్ళి స్థలాలు కొలిచి వస్తాడు. ఆ కొలతలు చూసి సునందా తాయి కంప్యూటర్ మీద నక్షా గీస్తుంది. ఆ నక్షా చూసి ఎంత సామాను పడుతుందో నేను లెక్క కడతాను. గంగామణి ఊడ్చి, తుడిచి, నీళ్ళు పట్టి, చాయ్ పెట్టి, ఏ కాగితం ఎక్కడుందో మా ముగ్గురికీ చెబుతుంది.

ఇక్కడ మా ఆఫీసు పద్ధతి ఒకటి మీకు తెలియాలి. లచ్చన్నది తెలుగు. మరాఠీ గడగడా మాట్లాడతాడు కానీ రాయడం మాత్రం రాదు. సునందా తాయిది మరాఠీ; తాయి అంటే అక్క. తెలుగు మాట అర్థమవుతుంది, వచ్చీరానట్టు మాట్లాడుతుంది, రాత మాత్రం తెలియదు. అందుకని లచ్చన్న కొలతల పక్కన బొమ్మలు వేసేవాడు. రోడ్డున్న వైపు ఒక సైకిలు. నీళ్ళున్న వైపు ఒక బిందె. పక్కింట్లో పశువుల కొట్టం ఉంటే ఒక బర్రె. ఆ బర్రెకు కొమ్ములు, తోక, ఒక్కోసారి కంటికి కాటుక కూడా. తాయి ఆ కాగితం చూసి, "అచ్ఛా, బర్రె ఇటు, సైకల్ అటు" అని మొత్తం స్థలం కళ్ళ ముందు నిలుపుకునేది. పన్నెండేళ్ళుగా ఒక్క ఇల్లూ దారి తప్పలేదు. ఎందుకు తప్పలేదో నేను ఎన్నడూ ఆలోచించలేదు. నా దృష్టిలో బర్రె అంకె కాదు.

ఆరేళ్ళ కిందట కులకర్ణి సారు కూతురి పురుడు కోసం పుణె వెళ్తూ నా భుజం మీద చేయి వేశారు.

"నర్సింలూ, నలభై రోజులు. ఆఫీసు నువ్వు చూసుకో."

చూసుకో అన్నారు. అంతే అన్నారు. నేను విన్నది మాత్రం పట్టాభిషేకం.

మొదటి రోజు పొద్దున లచ్చన్న లోపలికి వచ్చి ఎప్పటిలాగే, "నర్సిమ్లన్నా, చాయ్ తాగినవా?" అన్నాడు.

"ఆఫీసులో అన్న లేడు. సార్ అనాలి," అన్నాను.

లచ్చన్న వెనక్కి తిరిగి చూశాడు, కులకర్ణి సారు వచ్చారేమోనని.

"నన్నే," అన్నాను.

"నిన్నా?" అన్నాడు. అంతలోనే "మిమ్ములనా?" అని దిద్దుకున్నాడు. 

రెండో రోజు గోడకు ఒక నల్లబోర్డు తగిలించాను. పైన పెద్ద అక్షరాలతో రాశాను: "సంఖ్య లేని మాట ఈ ఆఫీసులో చెల్లదు." కింద ముగ్గురి పేర్లు. ఎవరైనా సంఖ్య లేకుండా మాట్లాడితే పేరు పక్కన ఒక సున్నా పడుతుంది. మూడు సున్నాలు పడితే శనివారం మధ్యాహ్నపు సెలవు పోతుంది. ఎంత గొప్ప ఆలోచన! ఆ సాయంత్రం చాక్‌పీసు పొడి చేతులతోనే ఇంటికి వెళ్ళాను. గర్వంతో చేతులు కడుక్కోలేదు.

మొదటి సున్నా సునందా తాయికి.

"అహో సార్, ప్రింటర్ బహుత్ స్లో ఉంది."

"ఎంత స్లో?"

"నత్త లాగ."

"నత్త సంఖ్య కాదు," అని సున్నా పెట్టాను. తాయి ఆ సున్నాను, నన్ను మార్చి మార్చి చూసింది. మా ఇద్దరిలో పోలిక ఏదో ఆమెకు దొరికినట్టే అనిపించింది.

లచ్చన్న తెలివైనవాడు. మూడు రోజుల్లో కిటుకు పట్టేశాడు.

"సార్, ఇయ్యాల నాకు ఇరవై మూడు శాతం జొరమున్నది."

"మంచిది. మిగతా డెబ్బై ఏడు శాతంతో పని చెయ్యి."

నేను వేళాకోళం ఆడలేదండీ. నిజంగానే అన్నాను. ఆ జవాబు నాకు ఎంతో న్యాయంగా తోచింది. ఒక పెద్దమనిషి ఇల్లు కట్టించుకోవాలని వచ్చి, "గాలి బాగా ఆడాలి" అన్నాడు. "ఎంత గాలి?" అని అడిగాను. చెప్పులు వేసుకుని గాలిలాగే వెళ్ళిపోయాడు. అది కూడా నా పద్ధతి గొప్పతనం కిందే జమకట్టుకున్నాను. స్పష్టత లేని మనుషులు తమంతట తామే తొలగిపోతున్నారని.

ఆ ఊపులో లచ్చన్న బొమ్మల మీద పడ్డాను.

"ఈ బర్రె ఏంది లచ్చన్నా?"

"బర్రె కొట్టం సార్. గా దిక్కున్నదని."

"బర్రె పొడవెంత?"

"బర్రెనా? కొలువలే సార్. తంతది."

"కొలవని దాన్ని కాగితం మీద ఎందుకు పెట్టావు?"

కారణం అతని దగ్గర ఉండే ఉంటుంది. ఉన్నా సంఖ్య లేదు. బర్రె, సైకిలు, బిందె అన్నీ రద్దు. వాటి బదులు నేనొక చిట్టీ తయారు చేశాను. నిండా గళ్ళు. స్థలానికి నాలుగు వైపులు: ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఒక్కో వైపు పొడవెంతో అంకె. స్థలంలో నాలుగు వైపులా గూటాలు పాతి, ఒక్కో దాని మీద ఆ వైపు నెంబరు రంగుతో రాయాలి. తాయి నక్షా మీద అవే నెంబర్లు వేయాలి. మేస్త్రి గూటం నెంబరు చూసి కట్టాలి. మధ్యలో ఎవరూ నోరు తెరవనక్కర్లేదు. అంత అందమైన చిట్టీ నేనింతవరకు చూడలేదు. అందులో ఒక్కటే తక్కువ. ఒకటో వైపు అంటే ఏ వైపో ఎక్కడా రాయలేదు.

ఆ చిట్టీ మీద కొలిచిన మొట్టమొదటి స్థలం గంగామణిది.

గంగామణి భర్త పోయి చాలా కాలమైంది. ఊరి అంచున ఇరవై బై ముప్పై స్థలం సంపాదించుకుంది. రెండు గదుల ఇల్లు. నక్షా మన ఆఫీసే గీసి ఇవ్వాలని కులకర్ణి సారు వెళ్ళే ముందే చెప్పారు. ఆమె నా బల్ల దగ్గరకొచ్చి కొంగు సర్దుకుని నిలబడింది.

"ఎట్ల కావాలి గంగామణీ?"

"ఎట్లనైన సరే సార్. నాకొక్కటే కోరిక. గడప రోడ్డు దిక్కుండాలె."

"ఎందుకు?"

"పందొమ్మిదేండ్ల సంది కిరాయి అర్రల ఉంటున్న. దర్వాజ తెరుస్తె ముంగట గోడనే. మబ్బు పట్టిందో ఎండ కొట్టిందో ఎరుక కాదు. నా సొంత గడప మీద కూసోని వచ్చేటోళ్ళను, పోయేటోళ్ళను చూడాలె. గంతే సార్."

పందొమ్మిది అంది కాబట్టి సున్నా పెట్టలేదు. మిగతా మాటలు నా చెవిలో దూరాయో లేదో గుర్తు లేదు. చిట్టీలో గడప కోరికకు గడి లేదు.

లచ్చన్న వెళ్ళి కొలిచాడు. పొద్దుటి ఎండే మండుతోంది. స్థలానికి వెనక, తూర్పు వైపున, పక్కింటి వాళ్ళ బర్రె కొట్టం ఉంది. దాని గోడ నీడ పడుతుంటే అక్కడ నిలబడి కొలవడం మొదలుపెట్టాడు. మొదలుపెట్టిన వైపు ఒకటో వైపు అయింది. ఒకటి అంటే ముందు, ముందు అంటే రోడ్డు అని తాయి అనుకుంది. ఎవరనుకోరు? ఒకటో వైపుకు చక్కగా ముఖద్వారం పెట్టి నక్షా గీసింది. చివరిసారి సరిచూడాల్సిన కులకర్ణి సారు పుణెలో ఉన్నారు. ఆ పని నాది. నాలుగు వైపుల పొడవులూ కూడి చూశాను. ఇరవై, ముప్పై, ఇరవై, ముప్పై. వంద! అంత గుండ్రటి సంఖ్య వచ్చాక ఇంకా అనుమానించేవాడు మనిషేనా? సంతకం పెట్టేశాను.

స్థలంలో పునాదికి ముగ్గు పోసిన మర్నాడు గంగామణి చాయ్ గ్లాసు నా ముందు పెట్టి కదలకుండా నిలబడింది.

"సార్, నా ఇల్లు ఏందో తేడాగ కొడుతున్నది."

"ఎంత తేడా?"

"ఎంత అంటె... గట్ల కాదు సార్. ఇల్లే అటు మళ్ళినట్టున్నది."

"ఎన్ని అడుగులు మళ్ళింది?"

"అడుగులు కాదు సార్. మొత్తం."

"మొత్తం అనేది సంఖ్య కాదు గంగామణీ."

నేను లేచి బోర్డు మీద సున్నా పెట్టాను. అది ఆమెకు రెండోది. మొదటిది అంతకుముందు "చాయ్ చల్లారింది సార్" అన్నందుకు. ఆమె రెండు సున్నాలను చూసింది. తల ఊపింది. చల్లారిన గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ తరవాత ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. చూశారా, సమస్య తీరిపోయింది అనుకున్నాను.

వారం తరవాత ఆ ఇల్లు కడుతున్న సత్తార్ మేస్త్రి ఫోన్ చేశాడు.

"సాబ్, దర్వాజా కిధర్ రఖ్నా?"

"నక్షాలో ఎక్కడుంది?"

"ఏక్ నెంబర్ కే బాజూ."

"మరి ఒకటో నెంబరు వైపే పెట్టు. అంకె కళ్ళ ముందుంటే నన్నెందుకు అడుగుతావు?"

"నై సాబ్, ఉధర్ తో..."

అటైతే ఏమిటో వినకుండానే ఫోన్ పెట్టేశాను. పదకొండు సెకన్లలో ఒక సందేహం తీర్చానని డైరీలో రాసుకున్నాను. ఆ డైరీ ఇప్పటికీ ఉంది. ఆ పేజీ తెరవను.

ముప్పై ఎనిమిదో రోజున దర్వాజ నిలబెట్టే పూజ. బేస్మెంటు అయిపోయి గోడలు మోకాళ్ళెత్తు లేచాయి. గంగామణి అందరినీ పిలిచింది. నేను ఆఫీసు పెద్దను కదా, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కొబ్బరికాయ చేత పట్టుకుని, ఐదు నిమిషాలు ముందే చేరాను. రోడ్డు మీద నిలబడి చూశాను. మోకాళ్ళెత్తు గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉంది. దర్వాజకు సందు లేదు. మనుషులెవరూ లేరు. ఎక్కడో గంట మోగుతోంది.

"ఓ లచ్చన్నా!" అని కేక వేశాను.

"ఇటున్నం సార్! ఎనుకకు రాండ్రి!" అని ఇంటి అవతలి నుంచి గొంతు వినిపించింది.

గోడ దాటి వెళ్ళవచ్చు. కానీ పూజ నాడు పెద్దమనిషి దొంగలా గోడ దూకితే ఏం బాగుంటుంది? పక్క నుంచి చుట్టి వెళ్ళాను. ఇంటికీ బర్రె కొట్టానికీ మధ్య రెండు అడుగుల సందు. రెండు అడుగులే, తరవాత కొలిచాను. ఆ సందులో పురోహితుడు, చుట్టాలు, సత్తార్ మేస్త్రి, మా వాళ్ళు, పదిహేడు మంది బస్సు దొరకని వాళ్ళలా ఒకరి వెనక ఒకరు నిలబడి ఉన్నారు. నేను పక్కకు తిరిగి, పొట్ట లోపలికి పీల్చి, కొబ్బరికాయ తల మీద పెట్టుకుని దూరాను.

ఎదురుగా పసుపు రాసి, బొట్లు పెట్టి, మామిడాకులు కట్టిన కొత్త దర్వాజ. దానికి సరిగ్గా ఎదురుగా కొట్టం గోడ. ఆ గోడకు ఒక కంత. ఆ కంతలో ఒక బర్రె తల. అది నన్ను, దర్వాజను చూసి, మామిడాకులు అందుకోవడానికి నాలుక చాపింది.

  నా తల మీది కొబ్బరికాయ జారి లచ్చన్న పాదం మీద పడింది. అతను ఎంత శాతం నొప్పో చెప్పలేదు.

"ఇదేంది?" అన్నాను.

"దర్వాజ సార్," అన్నాడు లచ్చన్న కాలు పట్టుకుని.

"రోడ్డు అటు ఉంటే దర్వాజ ఇటెందుకుంది?"

 సత్తార్ మేస్త్రి మెల్లగా, "హమ్‌నే సోంచా వాస్తు హై కర్‌కే. పూరబ్ ముఖీ," అన్నాడు. ఇంజినీరు ఆఫీసు వాళ్ళు తూర్పు ముఖం కోసం ఇలా పెట్టించారేమోనని అందరూ అనుకున్నారట.

"లచ్చన్నా, నీకు తెలుసా?"

"ఎరుకే సార్."

"ఎప్పటి నుంచి?"

"ముగ్గు పోసిన నాటి సంది."

"తాయీ?"

"హో సార్. లచ్చన్న చెప్పిండు నాకు. అప్పటికి పునాది భరలేలా." పునాది నిండిపోయిందట.

"గంగామణీ, నీకు?"

"నా ఇల్లే గద సార్. నాకెరుక కాదా?"

ముగ్గురికీ తెలుసు. మేస్త్రికి తెలుసు. కంతలోంచి చూసే బర్రెకు తెలుసు. ఆ ఇంటి కాగితం మీద సంతకం పెట్టిన నాకొక్కడికే తెలియదు. అరిచాను, "మరి ఎవరూ చెప్పలేదేం?"

లచ్చన్న నేల చూశాడు. "ఏమని చెప్పాలె సార్? పొడుగు సరిగనే ఉన్నది. ఎడల్పు సరిగనే ఉన్నది. తప్పు అంకెల లేదు. దిక్కు తప్పింది. దిక్కుకు నెంబరేడ తేవాలె?"

"నువ్వైనా మళ్ళీ అడగాల్సింది కదా గంగామణీ! నీ గడప కదా!"

గంగామణి కొంగుతో ముఖం తుడుచుకుంది. ఏడవలేదు. ఏడ్చినా నాకు కొంత నయంగా ఉండేది.

"అడుగుదామనే అనుకున్న సార్. రెండు సున్నలు పడ్డయి. మూడోది పడితె శనివారం సెలవు పోతది. సెలవు పోతె గోడలకు నీళ్ళెవరు కొడుతరు? ఎండకు పగులుతయి గద. అందుకే నోరు మూసుకొని నీళ్ళు కొట్టిన."

నాకు ఆ మాట అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తప్పుగా లేచిన గోడ పగలకుండా చూసుకోవడానికి, ఆ గోడ తప్పుగా లేచిందని నాకు చెప్పడం మానేసింది. నా జీవితంలో నేను వేసిన లెక్కలన్నింటిలో అంత కచ్చితంగా పనిచేసినది ఇంకొకటి లేదు.

మూడు రోజులకు కులకర్ణి సారు పుణె నుంచి వచ్చారు. ఎవరూ ఏమీ చెప్పకముందే బోర్డు చదివారు. తాయికి రెండు, లచ్చన్నకు ఒకటి, గంగామణికి రెండు. రుమాలు తీసి మొత్తం తుడిచేశారు.

"నర్సింలూ, నేను కూడా రోజుకు పది తప్పులు చేస్తాను. వీళ్ళు చెప్తారు కాబట్టి దిద్దుకుంటాను. నీకు ఎవరూ చెప్పకుండా నువ్వే అడ్డం గోడ కట్టుకున్నావు."

గోడలు మోకాళ్ళెత్తే ఉన్నాయి కాబట్టి ఇల్లు దక్కింది. వెనక దర్వాజ ఊడదీసి ఆ సందు మూసేయాలి. రోడ్డు వైపు గోడ కోసి దర్వాజ పెట్టాలి. మధ్య గోడ పడగొట్టి జరపాలి. ఆ పని ఆఫీసుదే అన్నారు సారు. పడగొట్టిన ఇటుకలకు అంటుకున్న సిమెంటు గీకే పని నాది అన్నాను నేను.

మూడు ఆదివారాలు గీకాను. గంగామణి పక్కన నిలబడి చూసేది. నేను ఊరుకోలేక నోట్లో లెక్కపెడుతుంటే, "జెర నీడకు రాండ్రి సార్, మొకం ఎర్రగైంది" అనేది. నా ముఖం ఎంత ఎర్రబడిందో ఆమె కొలవలేదు. చూసింది. నీళ్ళిచ్చింది. నలభై రోజులు ముగ్గురికి పెద్దగా ఉండి నేను ఎవరి ముఖమూ ఒక్కసారి అలా చూడలేదని ఆ చెంబు పట్టుకున్నప్పుడే తోచింది. 

రెండోసారి దర్వాజ నిలబెట్టిన రోజు నేను రోడ్డు మీదే ఆగిపోయాను. గంగామణి నవ్వుతూ ఎదురొచ్చింది.

"మీరే ముందుగాల పోండ్రి సార్. దర్వాజ దొరుకుతదో లేదో చూసి మాకు చెప్పుండ్రి."

సందులో నిలబడిన అవస్థ తీరిన పదిహేడు మందీ ఒక్కసారిగా నవ్వారు. సత్తార్ మేస్త్రి కడుపు పట్టుకుని రోడ్డు మీదే కూలబడ్డాడు. పూజ అయ్యాక గంగామణి గడప ముందు మెట్టు మీద కూర్చుని, సైకిలు మీద పోయే ఒక ముసలాయనను ఎవరో మహారాజును చూసినట్టు చూసింది.

ఆ గుమ్మం ముందే నేను ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో నలుగురి మీద పెద్దగా కూర్చోను. తప్పించుకోలేక కూర్చోవాల్సి వస్తే, నా కింద పనిచేసేవాళ్ళు ఎవరైనా వచ్చి "ఏందో తేడాగుంది సార్" అన్నప్పుడు "ఎంత?" అని అడగను. చెప్పులు వేసుకుని వాళ్ళ వెంట వెళ్ళి చూస్తాను. మాహూర్ రేణుకమ్మ మీద ఒట్టు. ఇంత గంభీరమైన ప్రమాణం రోడ్డుకు ఎదురుగా నిలబడి చేస్తే బాగుంటుందనిపించింది. అందుకని రోడ్డు ఎటువైపుందో ముందు గంగామణిని అడిగాను. ఆమె వేలు పెట్టి చూపించాకే అటు తిరిగాను.